అచ్యుతరామయ్యగారి వ్యాజస్తుతి

ఓడల్లోంచి సరుకు దింపించే భాగ్యలక్ష్మీ స్టీవెడోర్స్ కంపెనీలో అచ్యుతరామయ్య ట్యాలీ గుమాస్తా. దిగిన బస్తాలు దిగినట్టు పుస్తకంలో గీతలు పెట్టడం ఆయన ఉద్యోగం. ఆ పని చేయి చేసేది, మనసు మాత్రం అలంకారశాస్త్రంలో ఉండేది. తణుకు దగ్గర పల్లెటూరి నుంచి భాషాప్రవీణ పట్టా పట్టుకుని బయల్దేరిన మనిషికి ఏ హైస్కూల్లోనూ తెలుగు పండితుడి ఖాళీ దొరక్క, చివరికి బావమరిది సిఫార్సుతో విశాఖపట్నం హార్బరులో తేలాడు. అది జరిగి పన్నెండేళ్లయింది. ఉప్పుగాలికి ఆయన గొడుగు ఊచలు తుప్పు పట్టాయి గాని సమాసాలు పట్టలేదు.

హార్బరు చుట్టుపక్కల ఆయన పేరు తెలియనివాళ్లు లేరు. ఎందుకంటే అక్కడ ఎవరు రిటైరయినా, ఎవరికి ప్రమోషనొచ్చినా, అద్దం కట్టించిన సన్మానపత్రం ఒకటి చదివి చేతిలో పెట్టి తీరాలి. దండ వాడిపోయినా ఫరవాలేదు, లడ్డూలు చాలకపోయినా సర్దుకుంటారు, పత్రం లేకపోతే మాత్రం ఆ మనిషి బతికుండగానే పరువు పోయినట్టు. పత్రానికి ఆరు పేరాలు, పేరాకో సంబోధన, సంబోధనకో అలంకారం. అచ్యుతరామయ్య దగ్గర తయారుగా ఒక మూస ఉండేది. ఒక డాక్టరుని దయాసముద్రుడన్న వాక్యంతోనే మరుసటి నెల ఒక లారీ ఓనరునీ సన్మానించాడు. పేర్లు మారేవి, సముద్రం మారేది కాదు.

అంతటి విద్య తనతో పోకూడదని, మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డు నీడలో బస్తాలు మోసే ముఠావాళ్లని కూర్చోబెట్టి అలంకారాలు చెప్పేవాడు. వాళ్లు గంజన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ వినేవారు. డబ్బులడగని వినోదం గనక ఎవరూ కాదనలేదు. వాళ్లలో ముఠా మేస్త్రి తవిటయ్యకి మాత్రం నిజంగానే బుర్ర అటు తిరిగింది. పెందుర్తి దగ్గర సెంటు భూమి లేని రైతుబిడ్డ. నాలుగో తరగతితో చదువాపేసి, ఇరవయ్యేళ్లుగా హార్బరులో బస్తాలు మోసి మేస్త్రి అయ్యాడు. ఏ మాట చెప్పినా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

"ఉపమకి నాలుగు అంగాలు," అన్నాడు ఒకరోజు అచ్యుతరామయ్య. "ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఆమె ముఖం చంద్రుడిలా అందంగా ఉంది. ఇలాంటిదే ఒకటి చెప్పు."

తవిటయ్య ఉల్లిపాయ పక్కన పెట్టాడు. "మన మేనేజరుగారు తగరపువలస సంతలో దళారీలాగుంటారు. మేనేజరుగారు ఉపమేయం, దళారీ ఉపమానం, 'లాగ' అన్నది వాచకం."

"సమానధర్మం ఏదీ?"

"ఇద్దరూ పశువు బలం సూత్తారు బాబూ. దానికో పేరున్నాదని సూడరు."

ముఠా అంతా నవ్వింది. అచ్యుతరామయ్య మాత్రం మేనేజరు గది వైపు ఒకసారి చూసి, ఉదాహరణలు కావ్యాల నుంచి తీసుకోవాలి గాని కంపెనీ నుంచి కాదని మందలించాడు. ఇంకోరోజు అతిశయోక్తి పాఠం. ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెప్పడమే అతిశయోక్తి అనగానే తవిటయ్య అందుకున్నాడు.

"వచ్చే నెలకి కొత్త తాళ్లు వచ్చేత్తాయి అంటారు కదండీ మేనేజరుగారు. అదేనా?"

"అది అబద్ధం, తవిటయ్యా. అతిశయోక్తి వేరు. అందులో చెప్పేవాడికీ వినేవాడికీ ఇద్దరికీ తెలుసు, అది నిజం కాదని."

"ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. మూడేల్లనుంచీ తెలుసు. అయితే అతిశయోక్తేనండి."

పండితుడు ట్యాలీ పుస్తకం తీసుకుని లేచాడు. పాఠం అక్కడితో ఆపేశాడు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం మే నెలలో ఒక ఎరువుల ఓడ వచ్చింది. మర్నాటికల్లా అది నిలబడ్డ బెర్తు ఖాళీ చేయాలి. బస్తాలని గుత్తిగా చుట్టి క్రేనుకి తగిలించే తాడుని అక్కడ స్లింగు అంటారు. పొద్దున్నే తవిటయ్య దాన్ని చేత్తో తడిమి చూసి, పోచలు తెగిపోయాయనీ, ఇంకొకటి ఇప్పించమనీ మేనేజరు కామరాజుని అడిగాడు. కామరాజు వాచీ చూసుకుని, ఎత్తమన్నాడు. తవిటయ్య రెండోసారి అడిగాడు. కామరాజు రెండోసారీ ఎత్తమన్నాడు. అచ్యుతరామయ్య రెండు బారల దూరంలో ట్యాలీ పుస్తకంతో నిలబడి ఉన్నాడు. మాటలన్నీ విన్నాడు. తాడు పోచలు పీచులా రేగి ఉండడం కళ్లారా చూశాడు. ఆ రేగిన పోచల్ని దేనితో పోల్చవచ్చునా అని ఆలోచిస్తుండగా తాడు తెగింది.

ఇరవై బస్తాలు పడ్డాయి. కిందనున్న కుర్రాణ్ణి పక్కకి తోసిన తవిటయ్య కుడిచెయ్యి వాటి కింద ఉండిపోయింది. ఆస్పత్రిలో నాలుగు వేళ్లు తీసేశారు.

కంపెనీలో ఒక రూలుంది. కంపెనీ సామాను పాడై దెబ్బ తగిలితే, ఆ మనిషికి గేటు దగ్గరో గోదాములోనో లైటు డ్యూటీ ఇవ్వాలి. సొంత అజాగ్రత్త వల్ల తగిలితే ముఠా జాబితాలోంచి పేరు కొట్టేయవచ్చు. మేస్త్రి బరువు కింద నిలబడ్డాడు గనక అజాగ్రత్త అతనిదేనని కామరాజు కాగితం రాశాడు. ముఠావాళ్లు గొడవ చేస్తే, బయటినుంచి ఒక ఆఫీసరుని పిలిచి గురువారం ఎంక్వైరీ పెట్టారు. ముఠా మనుషులు తమవాడి వైపే చెబుతారు గనక వాళ్ల మాట చెల్లదట. తెగిన తాడు ఆ సాయంత్రానికే సముద్రంలో కలిసింది. ఇక మిగిలిన సాక్ష్యమల్లా అచ్యుతరామయ్య కళ్లు.

ఆదివారం పొద్దున తవిటయ్య పెళ్లాం పోతమ్మ కంచరపాలెంలో ఆయన అద్దె వాటాకి వచ్చింది. ఎంత రమ్మన్నా గడప దాటి లోపలికి రాలేదు.

"బాబూ, తమరు అక్కడే ఉన్నారంట కదా. సూసింది సూసినట్టు సెప్పండి, సాలు. ఆయన బరువులెత్తలేడు గానీ గేటు కాడ కూకోగలడు. మావూరెల్లిపోదామంటే ఒక్క సెయ్యోడిని కూలికి ఎవలు పిలుత్తారు?"

"పోతమ్మా, నా కలం సత్యానికి కాపలా కాసే ఖడ్గం. నువ్వు నిశ్చింతగా వెళ్లు," అన్నాడు అచ్యుతరామయ్య.

పోతమ్మకి ఖడ్గం సంగతి బోధపడలేదు. "అయితే సెప్తారా బాబూ?" అని మళ్లీ అడిగింది. ఆయన కళ్లు మూసుకుని తల పంకించాడు. ఆ పంకింపుకి ఏ అర్థమైనా తీసుకోవచ్చు. పోతమ్మ తనకి కావలసిన అర్థం తీసుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

ఆయన భార్య కాంతం కూర తరుగుతూ అంతా విన్నది. "ఏవండీ, ఆ తాడు మీరు చూశారా, లేదా?"

"చూడడమనేది, కాంతం, బాహ్యదృష్టి అనీ అంతర్దృష్టి అనీ రెండు రకాలు."

"నేను రకాలు అడగలేదండి. తాడు అడిగాను."

ఆయన గొడుగు తీసుకుని బజారుకి వెళ్లిపోయాడు. ఆవేళ బజారులో ఆయనకి కావలసిందేమీ లేదు.

సోమవారం కామరాజు పిలిపించాడు. మేనేజరుగారికి మద్రాసు ఆఫీసుకి ప్రమోషనయింది, బుధవారం సాయంత్రం సన్మానం. పత్రం అచ్యుతరామయ్యే రాయాలి, ఇందులో కొత్తేమీ లేదు. కామరాజు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అది మాత్రం కొత్త.

"మిమ్మల్ని హెడ్ క్లర్కుని చేసే కాగితం నా బల్ల మీదే ఉందండి. వెళ్లేలోగా సంతకం పెట్టేసి వెళదామని. గురువారం ఎంక్వైరీకి మిమ్మల్ని కూడా పిలిచారట కదా?"

"పిలిచారండి."

"ఆవేళ ఎండ మరీ ఎక్కువగా ఉంది. మీలాంటి పండితులు ఎండలో నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతాయి. ఏది చూశామో ఏది చూడలేదో మనకే తెలియదు. పత్రం మాత్రం బాగా రావాలండి. మద్రాసులో గోడకి పెట్టుకుంటాను."

బయటికొచ్చిన అచ్యుతరామయ్య గొడుగు తెరవడం మరిచిపోయి నడిచాడు. హెడ్ క్లర్కు అంటే గొడుగు మడిచి ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం. బస్తాలు, బెర్తు, ఎరువు కంపు ఏవీ ఉండవు. ఇంకోపక్క పోతమ్మ దణ్ణం ఉంది. మామూలు మనిషయితే రెంటిలో ఒకటి వదులుకునేవాడు. అచ్యుతరామయ్య మామూలు మనిషి కాదు, ఆలంకారికుడు. ఆయనకి ఆ నడిరోడ్డు మీద వ్యాజస్తుతి గుర్తొచ్చింది. పైకి పొగడ్త, లోపల నింద. పూర్వం ఎంతమంది కవులు రాజుల్ని వాళ్ల సభలోనే నిలబెట్టి కడిగెయ్యలేదు? సన్మానపత్రంలోనే నిజం చెప్పేస్తాడు, అదీ నిండు సభలో, కామరాజు మొహం మీద. ఇంతకన్నా సాహసం ఏ సాక్షి చేయగలడు? ఆనందం పట్టలేక ఆస్పత్రికి వెళ్లి తవిటయ్యకి చెప్పాడు, బుధవారం తప్పకుండా రమ్మని. "నీ తాడు అందులో ఉంటుంది," అన్నాడు.

రెండు సాయంత్రాలు కూర్చుని రాశాడు. మొదట, "తాడు తెగిపోతుందని చెప్పినా చెవిని పెట్టని స్థిరచిత్తుడా!" అని వచ్చింది. చదువుకుని, లేచి వెళ్లి వీధితలుపు గడియ వేసి వచ్చాడు. ఇందులో తాడు మరీ పైకి తేలింది, వ్యాజస్తుతికి ఇంకా గుంభనం కావాలి. కొట్టేసి, "పాత సామగ్రితోనే పని గట్టెక్కించిన కార్యశూరా!" అన్నాడు. అదీ కొంచెం మోటుగానే అనిపించింది. మూడోసారికి, "సాధనసామగ్రి కన్నా సంకల్పబలాన్నే నమ్ముకున్న దీక్షాధనా!" అని కుదిరింది. ఒక్కో మార్పుకీ నింద ఒక్కో మెట్టు లోపలికి దిగింది. చివరికి రాసినవాడు తప్ప ఇంకెవరూ అందుకోలేనంత లోతుకి దిగాక, ఆయన తన ధైర్యానికి తనే ముగ్ధుడయిపోయాడు. వీధరుగు మీద అటూ ఇటూ పచార్లు చేస్తూ పైకి చదువుకున్నాడు. లోపల కాంతం విని కిటికీ తలుపు వేసేసింది.

బుధవారం క్లబ్బు హాలు నిండిపోయింది. పసుపుపచ్చ కాగితం మీద ఎర్ర సిరాతో అచ్చువేసి, గాజు అద్దం కట్టించిన పత్రాన్ని అచ్యుతరామయ్య గొంతెత్తి చదివాడు. నాలుగో పేరా దగ్గర ఆగి గొంతు సవరించుకున్నాడు. "సాధనసామగ్రి కన్నా..." అంటూ సభ వైపు చూశాడు. చప్పట్లు మోగాయి. కామరాజు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. అధ్యక్షత వహించిన కాలేజీ లెక్చరరు గురునాథరావు లేచి, ఈ నాలుగో సంబోధన ఒక్కటే చాలు, కామరాజుగారి వ్యక్తిత్వమంతా అందులో ఉంది అన్నాడు. ఆ ముక్కలో మాత్రం ఆయనకి తెలియకుండా నిజం ఉంది. సభ అయ్యాక కామరాజు వచ్చి, మామగారికి పంపడానికి ఇంకో ప్రతి కావాలన్నాడు.

తవిటయ్య హాలు వెనక తలుపు దగ్గర, కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. అచ్యుతరామయ్య గర్వంగా అతని దగ్గరికి వెళ్లాడు.

"విన్నావా?"

"మొదట్నుంచీ ఇన్నాను బాబూ. తాడు ఎక్కడా తగల్లేదు."

"తగలకూడదు. నాలుగో పేరా అంతా అదే. కుళ్లిన తాడుతో పని చేయించాడని కదా అర్థం. పైకి పొగడ్త, లోపల తిట్టు. దాన్నే వ్యాజస్తుతి అంటారు."

"తిట్టినట్టు ఆయనకి తెలిసినాదేటి?"

"తెలిసిపోతే ఇంక కవిత్వం ఎందుకు?"

"పోనీ ఇంకెవలికి తెలిసినాది?"

"సహృదయులకి, తవిటయ్యా. కవి హృదయం తెలిసిన రసికులకి."

తవిటయ్య హాలంతా కలయజూశాడు. జనం లడ్డూలు తింటున్నారు. ఒకాయన రెండో పొట్లం కోసం చెయ్యి చాపుతున్నాడు. "ఆల్లు ఈయేల రానట్టున్నారు బాబూ," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అది తమ విద్య, నాను తప్పు పట్టను. రేపు గదిలో మాత్రం ఇలాటియ్యి వద్దు. తాడు సూసానని ఒక్క ముక్క సెప్పండి. నాకు అదే సాలు," అన్నాడు.

గురువారం పది గంటలకి ఎంక్వైరీ. ఆఫీసరు శ్రీరామ్మూర్తి చెమటలు కక్కుతూ బల్ల ముందు కూర్చున్నాడు. పక్క కుర్చీలో కామరాజు ఉన్నాడు. గోడవారగా తవిటయ్య నిలబడ్డాడు. గదికి తలుపు వెయ్యలేదు, వరండాలో ముఠా అంతా చెవులు రిక్కించుకుని ఉంది, వాళ్లలో పోతమ్మ కూడా ఉంది.

"ఆ రోజు తాడు ఎలా ఉంది?" అడిగాడు శ్రీరామ్మూర్తి.

"జీవితం మీద విరక్తి కలిగిందా అన్నట్టు ఉందండి."

ఆఫీసరు కలం ఆగింది. "అంటే నలిగి ఉందా?"

"కాలచక్రం కింద నలగనిది ఏముందండి?"

"మేస్త్రి తాడు మార్చమని అడగడం విన్నారా?"

"సముద్రఘోషలో మానవుడి గొంతు ఒక నీటిబొట్టండి. అందులో ఏ బొట్టు ఎవరిదని చెప్పగలం?"

వరండాలో ఎవరో దగ్గారు. శ్రీరామ్మూర్తి కలం బల్ల మీద పెట్టి, జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. విసిగిపోయిన మనిషి, పైగా నిజం వినబడితే రాసుకోవడానికి సిద్ధంగానే ఉన్నాడు.

"అచ్యుతరామయ్యగారూ, ఈ మనిషి బతుకు మీ మాట మీద ఉంది. తాడు పోచలు తెగి ఉండగా మీరు చూశారా? చూశాను, చూడలేదు, గుర్తు లేదు. మూడింట్లో ఒకటి చెప్పండి. ఆ ఒక్కటే రాసుకుంటాను."

 తవిటయ్య అచ్యుతరామయ్య వైపు చూస్తున్నాడు. కామరాజు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, అక్కడ చూడడానికి ఏమీ లేకపోయినా. అచ్యుతరామయ్య కళ్ల ముందు ఆ పీచులా రేగిన పోచలు ఒక్కొక్కటీ స్పష్టంగా కనబడ్డాయి. నోరు తెరిచాడు. అలంకారం కోసం వెతికాడు. మూడు మాటల్లో ఒకటి ఏరుకోమంటే అలంకారం ఎక్కడ దూరుతుంది?

"గుర్తు లేదండి," అన్నాడు.

ఉపమ లేదు, రూపకం లేదు, సమాసం లేదు. పన్నెండేళ్లలో అచ్యుతరామయ్య నలుగురిలో నిలబడి పచ్చి తెలుగులో చెప్పిన మొదటి మాట అదే. అది అబద్ధం. శ్రీరామ్మూర్తి ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, ఆ రెండు మాటలూ రాసుకుని, కాగితం ఇటు తోశాడు. అచ్యుతరామయ్య సంతకం పెట్టి, అలవాటు కొద్దీ పక్కన భాషాప్రవీణ అని కూడా రాశాడు. తవిటయ్యని రమ్మన్నారు. కుడిచేత్తో పొందికగా సంతకం పెట్టే మనిషి, ఎడంచేతి బొటనవేలికి సిరా పూయించుకుని ముద్ర వేశాడు. 

ఇంటికొచ్చాక కాంతం, "చెప్పారా?" అని అడిగింది. "పరిస్థితుల ప్రాబల్యం..." అని మొదలుపెట్టాడు. "అంటే చెప్పలేదన్నమాట," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట కంచంలో అన్నం పెట్టింది గాని, ఎదురుగా కూర్చోలేదు.

శనివారం నోటీసు బోర్డు మీద రెండు కాగితాలు పక్కపక్కన అంటించారు. ఒకదాంట్లో హెడ్ క్లర్కుగా అచ్యుతరామయ్య పేరుంది. రెండోదాంట్లో ముఠా జాబితాలోంచి తవిటయ్య పేరు తీసేశారు. రెండింటికీ కింద ఒకే సంతకం.

సోమవారం మధ్యాహ్నం అచ్యుతరామయ్య ఫ్యాను కిందనుంచి లేచి షెడ్డుకి వెళ్లాడు. పదవి పెరిగినంత మాత్రాన శిష్యుల్ని మరిచిపోయే మనిషి కాదు తను. పైగా మనసులో ఏదో కలుక్కుమంటోంది, నాలుగు మాటలు చెబితే అది సర్దుకుంటుందని ఆశ. షెడ్డు నీడ ఖాళీగా ఉంది. ముఠా అంతా అవతల వ్యాగన్ల పక్కన, మిట్టమధ్యాహ్నపు ఎండలో కూర్చుని అన్నాలు తింటోంది. తవిటయ్య స్థానంలో కన్నబాబుని మేస్త్రిని చేశారు. ఆయన అతని దగ్గరికి నడిచాడు.

"ఏమిటి కన్నబాబూ, నీడ వదిలి ఎండలో కూర్చున్నారు? ఇవాళ అర్థాంతరన్యాసం చెబుదామని వచ్చాను."

కన్నబాబు నోట్లో ముద్ద మింగి, మర్యాదగానే లేచి నిలబడ్డాడు.

"ఇంక వద్దండి పంతులుగారూ. ఇన్నాల్లూ తమరు సెప్పినయ్యి మాకు సగం అర్థమయ్యీవి కావు. మొన్న ఆ గదిలో సెప్పిన రెండు ముక్కలూ మాత్రం మా ముఠాలో అందరికీ అర్థమైపోనాయి."